రెండు నిమిషాల రిపేరు

ఆక్లాండ్‌లో, మనురేవా అనే పేటలో, ఒక వేప్ షాపులో, అంటే ఈ-సిగరెట్ల కొట్లో, ఏడేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఈ ఒక్క ముక్క నలుగురిలో చెప్పడానికి నాకు ఆ ఏడేళ్ళూ చాల్లేదు. తెలుగువాళ్ళ ఫంక్షన్లలో ఎవరైనా పులిహోర ప్లేటు పట్టుకుని "మీరెక్కడ చేస్తుంటారండీ?" అనడిగితే "ఎలక్ట్రానిక్స్" అనేవాణ్ణి. పూర్తి అబద్ధమేం కాదు. బ్యాటరీ ఉంది, తీగచుట్ట ఉంది, ఓల్టేజీ ఉంది. అవతలివాళ్ళు ఏ పెద్ద కంపెనీయో అనుకుని తలాడిస్తుంటే నేను సరిదిద్దేవాణ్ణి కాదు, అంతే. నిప్పు లేనిదే పొగ రాదంటారు పెద్దలు. నేను రోజుకి ఎనిమిది గంటలు నిప్పు లేని పొగ అమ్మి, ఇంటికెళ్ళేముందు కార్లో చొక్కా మార్చుకునేవాణ్ణి, మామిడిపండు వాసన ఇంట్లోకి రాకుండా.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మీలో చాలామంది చదువుకుంటూనో వీసా కోసం ఎదురుచూస్తూనో ఏదో ఒక కౌంటరు వెనక నిలబడి ఉంటారు. ఆ నిలబడటానికి ఒక మర్యాద ఉంది. దాన్ని నేను ఒకే ఒక్కరోజు తప్పాను. మిగతా రోజుల గురించి గొప్పలు చెప్పుకోవచ్చు గానీ, నాకు గుర్తొచ్చేది ఆ రోజే.

నేను తెనాలిలో రేడియోలు, టీవీలు బాగుచేసినవాణ్ణి. నాకు పని నేర్పినాయన ముందుగా స్క్రూడ్రైవరు ముట్టుకోనిచ్చేవాడు కాదు. "చెవి పెట్టరా ముందు. ఎక్కడ నొప్పో అదే చెబుతుంది" అనేవాడు. ఈ దేశం వచ్చాక చూస్తే, టీవీలు బాగుచేయించుకునే వాళ్ళే లేరు. పాడైతే రోడ్డు పక్కన పెట్టేస్తారు. అరవై దగ్గరపడ్డాక నాకు దొరికింది ఈ షాపు. మా మేనేజరు సమోవా దీవుల ఆవిడ, నా కూతురి వయసు. ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. గురగురలాడుతున్న వేప్ ఒకటి నా చేతిలో పెట్టి "దీనికేమైంది అంకుల్?" అంది. అలవాటు కొద్దీ చెవి దగ్గర పెట్టుకుని, బటన్ నొక్కి, కళ్ళు మూసుకున్నాను. "దీనికి లోపల నీరు చేరింది" అన్నాను. ఆవిడ పగలబడి నవ్వి, సోమవారం నుంచి రమ్మంది.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. వేప్ పైభాగాన చిన్న గాజు ట్యాంకు ఉంటుంది, అందులో జ్యూస్, అంటే పండ్ల వాసనో మరోటో వేసి నికోటిన్ కలిపిన ద్రవం. కింది భాగాన బ్యాటరీ, బటన్. ట్యాంకు మధ్యలో కాయిల్, అంటే సన్నటి తీగచుట్ట, దాని చుట్టూ దూది. దూది జ్యూస్ పీలుస్తుంది, తీగ వేడెక్కి దాన్ని ఆవిరి చేస్తుంది. పోపులో ఆవాల్లా సన్నగా చిటపటమంటే అది ఆరోగ్యం. గురగురమంటే కాయిల్లోకి జ్యూస్ ఎక్కువ దిగిందని. ఈల వేస్తే గాలి రంధ్రానికి ఏదో అడ్డం. జనం గురగుర వినగానే కొంప మునిగిందని కొత్తది కొనడానికి వచ్చేస్తారు. చాలాసార్లు కాయిల్ వదులై ఉంటుంది, లేదా దాని కింద రబ్బరు వాషర్ నలిగి ఉంటుంది, లేదా మనిషే సిగరెట్టు దమ్ము లాగినట్టు గట్టిగా లాగుతుంటాడు. విప్పి, టిష్యూతో తుడిచి, ఒకసారి ఊది, సరిగ్గా బిగిస్తే రెండు నిమిషాల పని. కొత్త కాయిల్ వేస్తే మాత్రం తొందర పనికిరాదు. దూది మీద నాలుగు చుక్కలు వేసి, ట్యాంకు నింపి, పది నిమిషాలు నాననివ్వాలి. పప్పు నానకుండా రుబ్బితే గారెలొస్తాయా? ఎండు దూది మీద బటన్ నొక్కితే మాడుతుంది, ఆ మాడు కంపు ఇక ఆ కాయిల్‌ని వదలదు.

ఏటా నాకొక సీజన్ ఉండేది. అయ్యప్ప మాల వేసుకున్న మన కుర్రాళ్ళు దీక్ష ఉన్నన్నాళ్ళూ వేప్‌ని బీరువాలో బట్టల కింద పడుకోబెట్టేవాళ్ళు, ట్యాంకు నిండా జ్యూస్‌తో. మాల తీసిన మర్నాడు వరసగా వచ్చేవాళ్ళు, "అంకుల్, గురగురమంటోంది" అనుకుంటూ. "ఖాళీ చేసి, నిలబెట్టి పెట్టాలని ఎన్నిసార్లు చెప్పాను స్వామీ!" అని తిట్టేవాణ్ణి. తల గోక్కుంటూ నవ్వేవాళ్ళు. బాగుచేసి పంపేవాణ్ణి. వాళ్ళల్లో ఒక్కడికి కూడా మానెయ్యమని నీతులు చెప్పలేదు నేను. మగపిల్లలు కదా. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక ఆ అమ్మాయి సంగతి. మొదటిసారి వచ్చినప్పుడు ఇంగ్లీషులోనే మాట్లాడింది. వృద్ధాశ్రమంలో నర్సు యూనిఫారం, చేతిలో ఎక్కడో కొన్న నాసిరకం వేప్. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని నాలో నేను "దీని దుంపతెగా" అనుకున్నాను, పైకే. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "అంకుల్... మీరు తెలుగా?" అంటూనే గుమ్మం వైపు రెండడుగులు వేసింది.

"ఆగమ్మా. ఈ కౌంటరు దగ్గర నేను మెకానిక్కుని. మెకానిక్కుకి చుట్టాలూ పక్కాలూ ఉండరు. ఇటు చూడు, దీనికి కాయిల్ మాడిపోయింది."

ఆ మాట అన్నందుకు ఆ పూట నన్ను నేనే మెచ్చుకున్నాను. ఎంత గొప్పగా అన్నానో!

తర్వాత తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. వాళ్ళది కడప వైపు. ఈ దేశానికి దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో చదువుకోవడానికి వచ్చింది. ఆ చలి, హీటర్ లేని ఫ్లాట్, ఒంటరితనం. పార్ట్‌టైం చేసేచోట సిగరెట్టు తాగేవాళ్ళకి మాత్రం మధ్యమధ్య బయటికెళ్ళే విరామం దొరికేదట. అట్లా మొదలై రోజుకి పదిహేను దాకా వచ్చింది. పెళ్ళయింది, ఆక్లాండ్ వచ్చారు, పిల్లల్లేరు. ఆసుపత్రి వాళ్ళు చికిత్స మొదలుపెట్టాలంటే ముందు సిగరెట్టు మానాలి, ఆ తర్వాత నికోటిన్ అన్నదే ఒంట్లో ఉండకూడదు అన్నారు. మొగుడు మంచివాడు, అన్నీ తెలుసు. వేప్ షాపుకి వెళ్ళమని పంపింది అతనే.

బ్యాటరీతో సహా ఒక ట్యాంకు ఎంచి ఇచ్చాను, మొత్తాన్నీ మేం ట్యాంకనే అనేవాళ్ళం. పన్నెండో నంబరు జ్యూస్‌తో మొదలుపెట్టాం. ఆ నంబరు ఎంత తక్కువైతే నికోటిన్ అంత తక్కువ. మొదటి నెల సిగరెట్లు, వేప్ రెండూ నడిచాయి. రెండో నెల సిగరెట్లు పోయాయి. నాలుగు నెలలకి ఆరో నంబరు. మరో పది నెలలకి మూడు. తీపి జ్యూస్ ఇమ్మంటే "తీపి కాయిల్‌కి పడదు, పంచదార పాకంలా పట్టేస్తుంది" అని కసిరేవాణ్ణి. ప్రతిసారీ ఆ ట్యాంకు నా చెవి దగ్గరికి వచ్చేది, నేను కళ్ళు మూసుకునేవాణ్ణి, ఆ అమ్మాయి పరీక్ష రిజల్టు కోసం నిలబడ్డట్టు నిలబడేది. మూడో నంబరుకి దిగిన రోజు ఉగ్గాని చేసి డబ్బాలో తెచ్చింది. మా మేనేజరుకి అంత నచ్చి, నా వాటా కూడా తినేసింది.

"ఇంక సున్నాయే అంకుల్. పద్నాలుగు నెలలైంది. ఇంకొక్క రెండు నెలలు" అంది.

ఈలోగా వాళ్ళమ్మ వచ్చింది, విజిటర్ వీసా మీద ఆర్నెల్లకి. కూతురికి కడుపు పండాలని నోములు చేయించడానికి.

మా ఆవిడకి ఒక పారాయణ గ్రూపు ఉంది. శనివారాలు మౌంట్ ఆల్బర్ట్‌లో ఒకరింట్లో లలితా సహస్రనామం, తర్వాత ఫలహారాలు. నేను డ్రైవర్ని. ఆ శనివారం నేనొక మూల కూర్చుని పులిహోర తింటున్నాను. కొత్తగా వచ్చిన ఒక పెద్దావిడ మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది.

"ఏం జెప్పేది వదినా. నా బిడ్డ ఏందో మిషను పీలుస్తాంది. బాత్రూంలో దూరి తలుపేసుకుంటాది, గుర్రుగుర్రుమని సద్దు. గోడకి చెవి పెట్టి ఇన్నా. మనురేవాలో ఎవురో మనోడేనంట, ముసలోడు, వాడే అమ్ముతాండాడంట. ఆడపిల్లకి ఇట్టాంటివి అమ్మేదానికి వాని చేతులెట్టొచ్చినాయి వదినా? వాని కొంప కూల!"

మా ఆవిడ నావైపు చూడలేదు. ఆవిడ చూడకపోవడంతోనే నాకు చెమట పట్టింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆ అమ్మకి తెలిసింది వేప్ ఒక్కటే, అంతకుముందు సిగరెట్ల సంగతి తెలియదు. తన కూతురు కొత్తగా చెడిపోతోందని ఏడుస్తోంది. నిజానికి ఆ పిల్ల ఒక్కో మెట్టూ దిగి బయటికొస్తోంది, చివరి మెట్టు మీదుంది. ఆ మాట చెప్పే హక్కు నాకు లేదు, అది ఆ పిల్ల రహస్యం. చెప్పకపోవడం తప్పు కాదు. తప్పు తర్వాత జరిగింది.

తిరిగొచ్చేటప్పుడు కార్లో మా ఆవిడ ఒక్కటే మాట అంది. "ఆ ముసలోడు ఎవరో వాళ్ళకి తెలిస్తే, ఆ గ్రూపులో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?" ఆవిణ్ణి తప్పుపట్టను. ఏడేళ్ళూ "ఎలక్ట్రానిక్స్" అన్నది నేను, ఆవిడ కాదు.

మంగళవారం మధ్యాహ్నం వాన పడుతోంది. ఆ అమ్మాయి డ్యూటీ మధ్యలో తడుస్తూ వచ్చింది. ట్యాంకు కౌంటరు మీద పెట్టింది.

"అంకుల్, దీని నోరు మూయించండి. గురగురమంటోంది. మా అమ్మ గోడకి చెవి పెట్టి వింటోంది. ఇంకొక్క ఐదు వారాలు నన్ను కాపాడితే చాలు."

నేను దాన్ని ముట్టుకోలేదు. కౌంటరు మీద ఉన్నదాన్ని ఉన్నట్టే చూస్తూ అన్నాను. "ఇది పోయిందమ్మా. దీనికి కాయిల్స్ కూడా రావడం మానేశాయి."

"పోయిందా?"

"పోయింది."

"అయితే వేరేది ఇవ్వండి అంకుల్."

"మళ్ళీ వేరేది ఎందుకు తల్లీ? మూడుకి వచ్చావు. ఇదే అమ్మవారిచ్చిన అవకాశం అనుకో. ఒక్కసారిగా వదిలెయ్యి. ఆడపిల్లవి, అమ్మని అట్లా ఏడిపిస్తావా?"

అమ్మ ఏడ్చిన సంగతి నాకెట్లా తెలుసని కూడా ఆ అమ్మాయి అడగలేదు. నా చేతుల వంక చూసింది. రెండు చేతులూ కౌంటరు అంచు పట్టుకుని ఉన్నాయి. అవెందుకు చూసిందో నాకప్పుడు తెలియలేదు. "సరే అంకుల్" అని, ట్యాంకు అక్కడే వదిలేసి వానలోకి వెళ్ళిపోయింది.

మా మేనేజరు వెనకనుంచి వచ్చింది. "దానికి కాయిల్స్ రెండు డబ్బాలున్నాయి కదా అంకుల్?"

"పాతబడిపోయాయి."

"ఇది మీవాళ్ళ మధ్య సంగతా?" అంది. అవునన్నట్టు తలూపాను. ఆవిడ వెనక్కి వెళ్ళిపోయింది. ఏడేళ్ళలో నేను ఆవిడకి చెప్పిన అబద్ధం కూడా అదొక్కటే.

తర్వాత ఆ ట్యాంకు చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాను. కాయిల్ ఒక్క మర వదులైంది. అంతే. తుడిచాను, బిగించాను. గురగుర పోయింది. గోడకి చెవి పెట్టినా వినపడనంత సన్నగా చిటపటమంది. ఆ అమ్మాయి ఫోన్ నంబరు మా కంప్యూటర్లో ఉంది. చెయ్యలేదు. ట్యాంకుని సొరుగులో పెట్టి, ఒక ఆడపిల్లని మంచిదారిలో పెట్టానని నాకు నేనే చెప్పుకున్నాను. మంచిదారట, నా బొంద! నా పేరు బయటికి రాకూడదు, అదీ అసలు సంగతి.

మూడు వారాల తర్వాత వాళ్ళమ్మ గ్రూపులో అందరికీ కజ్జికాయలు పంచింది. మొహం వెలిగిపోతోంది. "ఆ మిషను సద్దు పోయింది వదినా. అంతా అమ్మవారి దయ. మీ అందరి పారాయణ ఫలం." నా దగ్గరికొచ్చి, "తీసుకో అన్నా, ఇంగొకటి తీసుకో" అని చేతిలో పెట్టింది. రెండు తిన్నాను. ఆ ముక్క కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆ తర్వాత ఆర్నెల్లు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకుని మనురేవా స్టేషన్ పక్కనుంచి నడుస్తున్నాను. బస్సు షెల్టరు వెనకాల ఆ అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో సిగరెట్టు. నన్ను చూసి దాచలేదు. నేను ఎవరో తెలియనివాణ్ణయినట్టు ఇంకో దమ్ము లాగింది.

"అమ్మాయ్, ఇదేంటిది?"

"ఏముంది అంకుల్. సిగరెట్టు."

"ఆసుపత్రి..."

"పరీక్షలో తేలిపోయింది. మళ్ళీ మొదటినుంచీ లైన్లో నిలబడమన్నారు. నాకు ముప్పై తొమ్మిది అంకుల్. నలభై దాటితే ఆ లైను కూడా ఉండదంట."

"మీ అమ్మగారు?"

"సంతోషంగా వెళ్ళిపోయింది. సిగరెట్టుకి సద్దుండదు కదా."

"ఇక్కడే ఉండు. కదలకు" అని చెప్పి షాపుకి పరిగెత్తాను. అరవై ఏడేళ్ళ మనిషి అన్నం డబ్బా పట్టుకుని పరిగెడుతుంటే జనం పక్కకి తప్పుకున్నారు. సొరుగులోంచి ట్యాంకు తీశాను. కొత్త కాయిల్ వేశాను. మూడో నంబరు జ్యూస్ పోశాను. అది నానడానికి పది నిమిషాలు పట్టాలి కదా, ఆ పది నిమిషాలూ నా ప్రాణం పోయినంత పనైంది. వెళ్ళిపోయి ఉంటుందనే అనుకున్నాను. తిరిగొచ్చేసరికి అక్కడే ఉంది.

"ఇది పాడవలేదు తల్లీ. కాయిల్ వదులైంది, అంతే. రెండు నిమిషాల పని. ఆరోజు నీతో అబద్ధం చెప్పాను."

అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. "తెలుసు అంకుల్" అంది.

"ఎట్లా తెలుసు?"

"మీరు చెవి దగ్గర పెట్టుకోలేదు. పద్నాలుగు నెలల్లో ఒక్కసారైనా వినకుండా మీరేదీ చెప్పలేదు. ఆరోజు కనీసం ముట్టుకోలేదు."

నాకు కోపం వచ్చింది. దొరికిపోయినవాడికి వచ్చే కోపం. "తెలిస్తే వేరే షాపుకి పోవచ్చు కదమ్మా! ఊళ్ళో ఇన్ని షాపులు! ఎవడైనా బాగుచేసేవాడు కదా!"

"పోవచ్చు." సిగరెట్టు కిందపడేసి బూటుతో నలిపింది. "మనవాళ్ళల్లో నన్ను చూసి ఛీ అనుకోనిది మీరొక్కరే అనుకుంటుంటి అంకుల్. మీరు కూడా అంతేనని తెలిసినాక, ఇంక ఎవురికోసం మానాల అనిపించింది. ఇంటికి పోయే దారిలోనే డైరీ ఉంది, సిగరెట్లమ్మే చిల్లర కొట్టు. లోపలికి పోయినా, ప్యాకెట్ కొన్నా."

నేర్చుకున్న భాష పక్కకి పోయి, వాళ్ళ ఊరి మాట బయటికొచ్చింది. నేను ట్యాంకు పట్టుకుని నిలబడ్డాను. క్షమించమని అన్నాను. ఎన్నిసార్లు అన్నానో తెలియదు. బస్సు మలుపు తిరిగింది. ఆ అమ్మాయి నా చేతిలోంచి ట్యాంకు తీసుకుని, బటన్ నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. అచ్చం నేను చేసినట్టే.

"బాగుంది అంకుల్. సద్దే లేదు."

మళ్ళీ నా అరచేతిలో పెట్టేసి బస్సెక్కింది. ఆ తర్వాత ఎప్పుడూ మా షాపుకి రాలేదు. లైన్లో మళ్ళీ నిలబడిందో లేదో, నిలబడితే ఏమైందో నాకు తెలియదు. అడిగే మొహం నాకు లేదు.

పోయినేడు రిటైరయ్యాను. మా మేనేజరు కేకు కోయించి, నా చెవి చూపిస్తూ ఫోటో తీయించింది. ఆ వారమే శనివారం పారాయణలో ఎవరో అలవాటుగా అడిగారు, "అన్నయ్యగారు ఏం చేసి రిటైరయ్యారు?" అని. మా ఆవిడ నోరు తెరిచేలోపు నేనే చెప్పేశాను. "మనురేవాలో వేప్ షాపులో. మీరందరూ శాపాలు పెట్టిన ముసలోణ్ణి నేనే."

గది ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. నేను ఇన్నేళ్ళు భయపడిన క్షణం అదే. మా ఆవిడ తల వంచుకుంది. అప్పుడు ఆ ఇంటావిడ చట్నీ గిన్నె కింద పెట్టి అంది. "అయితే మీకు రిపేర్లు వచ్చా అన్నయ్యగారూ? మా మిక్సీ నెల్లాళ్ళుగా ఒకటే గీ అంటోంది, చూసిపెడతారా?"

అంతే. ఇంకెవరూ ఏమీ అనలేదు. ఒకావిడ పెసరట్టు ఇంకోటి వేసుకుంది. ఈ మాత్రం దానికా ఆ పిల్లని నేను వానలోకి పంపేసింది!

ఆవిడ మిక్సీ తెచ్చి నా ముందు పెట్టింది. స్విచ్ వేసి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. రెండు నిమిషాల పనే.